తాళం వేసిన పాట

సంగీతాభిమానుల్లో ఒక జాతి ఉంది. వీళ్ళకి పాట నచ్చాలంటే ముందు అది ఇంకెవరికీ తెలిసి ఉండకూడదు. మీ ఇంట్లోనే ఉన్నాడని అనను గానీ, మరిది రూపంలోనో, మేనబావ రూపంలోనో, పైవాటా ఆయన రూపంలోనో మీకు తప్పకుండా తగిలే ఉంటాడు. ఘంటసాల అంటే గౌరవమే, ఇళయరాజా అంటే సరేసరి, కానీ అసలు సంగీతం వేరే ఉందంటాడు. ఏమిటండీ అది అని అడిగామా, "మీకు తెలీదులెండి" అని ఒక చిరునవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు నవ్వడం కోసమే ఈయన ఇన్నేళ్ళుగా రికార్డులు పోగు చేస్తున్నాడేమోనని నాకు గట్టి అనుమానం.

ఇవాళ నా పేచీ ఆ నవ్వుతోనే.

మా కార్ఖానాలో ఈ జాతివాళ్ళు కాస్త ఎక్కువ. పేరు విని పొగగొట్టాలు ఊహించుకోకండి. సికింద్రాబాదు కంటోన్మెంటులో, జూబిలీ బస్టాండు దాటి తిరుమలగిరి వైపు పోతూంటే దారిలో తగిలే పేట ఇది. ఒక వాకిట్లో తెలుగు, పక్క వాకిట్లో తమిళం, ఎదురింట్లో పంజాబీ. మిలిటరీ కుటుంబాలు బదిలీ మీద వస్తాయి, బదిలీ మీద పోతాయి. అటు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్లు ఒక తరంపాటు గిటార్లు వాయించి డాన్సులు చేసినవాళ్ళు. అంచేత ఇంగ్లీషు పాట మా పేటకి వింతేమీ కాదు. నా కాలేజీ రోజుల్లో, అంటే 1990ల చివర, ఖాళీ కేసెట్టు ఇచ్చి చీటీ రాసిస్తే పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఉండేవి. నేనొక చీటీ ఇస్తే, ఆ కౌంటర్లో పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నయ్య కోసమామ్మా?" అన్నాడు. అన్నయ్యకి చెవులున్నాయి గానీ, నాకు మాత్రం కమ్మలు పెట్టుకోవడానికి రెండు తమ్మెలే ఉన్నాయన్నట్టు!

ఇంతకీ ఆ చీటీలో ఉన్నది ప్రోగ్రెసివ్ రాక్. అదేదో బ్రహ్మపదార్థం కాదు. 1960ల చివర ఇంగ్లండులో కొందరు కుర్రాళ్ళకి మూడు నిమిషాల ప్రేమపాట మీద విసుగు పుట్టింది. ఎలక్ట్రిక్ గిటారుకి వేణువు, వయొలిన్, ఆర్గన్ జతచేసి, పాటని కథలా సాగదీశారు. కింగ్ క్రిమ్సన్ అనే బృందం 1969లో తెచ్చిన మొదటి రికార్డుతో ఈ ధోరణి స్థిరపడిందని చెప్పుకుంటారు. 1972లో యెస్ అనే బృందం రికార్డు ఒకవైపంతా, పద్ధెనిమిది నిమిషాలకి పైగా, ఒకే పాటతో నింపింది. అదే సంవత్సరం జెత్రో టల్ బృందం రికార్డు రెండువైపులా కలిపి ఒక్కటే పాట పెట్టింది, సుమారు నలభై నాలుగు నిమిషాలు. ఆ బృందం నాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదుతాడు. ఆ ఫొటో చూపిస్తే మా అత్తగారు "ఎవరీ గడ్డం కృష్ణుడు?" అని చక్కా కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశారు.

ఇది మగపిల్లల సంగీతం అనే మాట ఎక్కడ పుట్టిందో తెలీదు గానీ, బాగా పాతుకుపోయింది. "ఆడవాళ్ళకి ఇంత పొడుగు పాటలు పట్టవండీ, వాళ్ళకి మెలొడీ కావాలి" అంటారు. అయ్యా, వారం వారం ఎదురుచూసి, అరవై వారాలు సాగిన సీరియల్ని ఒక్క కొస వదలకుండా చదివింది ఎవరు? పత్రికలోంచి కాగితాలు చింపి, వరుసగా పేర్చి, బైండు చేయించి వీధి వీధంతా తిప్పింది ఎవరు? రాత్రి తొమ్మిదింటికి మొదలైన హరికథ మంగళం పాడేదాకా, ఒళ్ళో పిల్లాడు నిద్రపోయినా లేవకుండా కూర్చున్నది ఎవరు? నలభై నాలుగు నిమిషాలు మాకొక లెక్కా?

ఇహ లెక్క అన్నాను గనక అసలు లెక్కలోకి వద్దాం. ఈ సంగీతం కష్టమనడానికి వాళ్ళు చూపించే పెద్ద కారణం తాళం. మామూలు సినిమా పాట నాలుగు దెబ్బల్లోనో మూడు దెబ్బల్లోనో నడుస్తుంది, వీళ్ళు అయిదులో, ఏడులో, తొమ్మిదిలో నడిపిస్తారు. జెత్రో టల్ వాళ్ళు 1969లో అయిదు దెబ్బల మీద ఒక చిన్నపాట చేశారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు 1973లో డబ్బు మీద చేసిన పాట ఏడులో నడుస్తుంది. జెనెసిస్ వాళ్ళ 1972 నాటి ఇరవై మూడు నిమిషాల పాటలో ఒక భాగం తొమ్మిది మీద పోతుంది. ఇవి చెప్పేటప్పుడు మన అభిమానిగారు గొంతు తగ్గించి, బాంబు తయారుచేసే రహస్యం చెబుతున్నట్టు చెబుతారు. చిన్నప్పుడు వారానికి రెండు రోజులు సంగీతం టీచరు ముందు తొడ మీద చెయ్యి వేసుకు కూర్చున్న ఏ ఆడపిల్లనైనా అడగండి. తక తకిట అయిదు, ఖండచాపు. తకిట తకధిమి ఏడు, మిశ్రచాపు. తకధిమి తకతకిట తొమ్మిది, సంకీర్ణం. పదేళ్ళకే నేర్చుకుని, పెళ్ళికాగానే అటకెక్కించిన విద్య ఇది.

మా పేటలోనే ఒకరింట్లో జరిగిన ముచ్చట చెబుతాను. ఆ ఇంటాయనకి రికార్డులంటే ప్రాణం. ఒక ఆదివారం నలుగురైదుగురు స్నేహితుల్ని పిలిచి ముందుగదిలో పింక్ ఫ్లాయిడ్ పెట్టాడు. ఆడవాళ్ళం మామూలుగానే వంటింటి దగ్గర చేరాం. ఆయన భార్య పెళ్ళికి ముందు గుంటూరులో గాత్రం నేర్చుకున్న మనిషి. ఉల్లిపాయలు తరుగుతోందల్లా ఆగి, తడిచేత్తో గడప పక్కన గోడ మీద దెబ్బలు వేసింది. తరవాత ముందుగదిలోకి తొంగిచూసి, "ఏవండీ, ఇది ఏడు కదూ? మిశ్రచాపులా ఉంది" అంది. "మిశ్రచాపేమిటి, ఇది రాక్" అన్నాడాయన. ఆవిడ ఊరుకుంటేనా! ఇంకాసేపటికి, "ఇదుగో, గిటారు ఒక్కటీ విజృంభించేసరికి నాలుగుకి మారిపోయింది, చూడండి" అంది. నిజంగానే ఆ పాట అక్కడ నాలుగుకి మారుతుంది. గదిలో ఉన్న మగాళ్ళు అయిదుగురూ ఇరవయ్యేళ్ళుగా ఆ పాట వింటున్నారు. తలలు ఊపుతున్నారు. మారిందని ఒక్కడికీ తెలీదు. "అవునా!" అని ఆశ్చర్యపోయినా బాగుండేది. ఆయన ఒక్క క్షణం ఆగి, "కాఫీ అయిందా?" అన్నాడు.

నా కోపం ఆ కాఫీ మీద.

పాట వినడానికి మన ఇళ్ళల్లో రెండు రకాల చట్టాలున్నాయి. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పడక్కుర్చీలో కూర్చుంటే, "నాన్నగారు పాటలు వింటున్నారు, గోల చెయ్యకండి" అని పిల్లల్ని అదిలిస్తాం. మనమే అదిలిస్తాం! అదే అమ్మ కళ్ళు మూసుకుని పావుగంట కూర్చుంటే, "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఆడదానికి సంగీతం ఎప్పుడూ చేతిలో పనికి నంచుకునేదే. వివిధభారతి పప్పు కడుగుతూ విన్నాం, కేసెట్లు బట్టలు మడతపెడుతూ విన్నాం, ఇప్పుడు ఫోను గూట్లో పెట్టి గిన్నెలు తోముతూ వింటున్నాం. ఈ సంగీతం అలా నంచుకోవడానికి ఒప్పుకోదు. కూర్చోమంటుంది. మధ్యలో కుక్కరు మూడో కూత వేస్తే కథ తెగిపోతుంది. అందుకనే ఇది మనది కాదన్నారు తప్ప మనకి పట్టదని కాదు. చెవులు లేకా కాదు, చదువు లేకా కాదు, నలభై నాలుగు నిమిషాలు ఎవరూ ఇవ్వక.

ఆ సంగీతంలో ఆడవాళ్ళే లేరని కూడా ఒక వాదం వినిపిస్తుంది. లేకేం? కర్వ్‌డ్ ఎయిర్ బృందానికి 1970లో మొదటి రికార్డు నుంచీ సోంజా క్రిస్టీనా గొంతే ప్రాణం. రినైజాన్స్ బృందంలో 1971లో చేరిన ఆనీ హాస్లమ్ గొంతు వింటే, గుడిగంట మోగిన తరవాత గాలిలో మిగిలే నాదంలా ఉంటుంది. లిండ్సే కూపర్ అనే ఆవిడ 1974లో హెన్రీ కౌ బృందంలో చేరి, మన నాదస్వరం జాతికి చెందిన బస్సూన్ వాయించింది. 1977లో ఆవిడా, మేగీ నికల్స్ అనే గాయనీ కలిసి అచ్చంగా ఆడవాళ్ళతోనే మరో బృందం కట్టారు. ఈ పేర్లు మన బీరువా వీరుల్ని అడిగి చూడండి. "మీకు తెలీదులెండి" అనే అవకాశం ఈసారి మనది.

ఇక విదేశీ గొడవ మనకెందుకనే వారికి పాలకొల్లు దారి చూపిస్తాను. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేసరికి తొమ్మిదేళ్ళవాడు. మాండలిన్ మీద, అందులోనూ కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేమిటని పెదవి విరిచినవాళ్ళు విరిచారు. అదే శ్రీనివాస్ 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఒక రికార్డు చేశాడు. ఆ బ్రూక్ అంతకు రెండేళ్ళ ముందు, 1993లో, కింగ్ క్రిమ్సన్ వ్యవస్థాపకుడు రాబర్ట్ ఫ్రిప్ పక్కన వేదిక మీద గిటారు వాయించినవాడు. అంటే పాలకొల్లుకీ కింగ్ క్రిమ్సన్‌కీ మధ్య దూరం ఒక్క మనిషి. తరవాత శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో దేశాలు తిరిగాడు. ఈ మెక్‌లాఫ్లినే 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి రాక్ కుర్రాళ్ళకి మన లయ రుచి చూపించిన ఆంగ్లేయుడు. 2014లో, నలభై అయిదేళ్ళకే, శ్రీనివాస్ వెళ్ళిపోయాడు. ఆయన త్యాగరాజ కీర్తనల కేసెట్టు లేని తెలుగిల్లు అరుదు. బ్రూక్‌తో చేసిన రికార్డు ఉన్న ఇల్లు ఎన్ని చూశారు? ఉన్న చోట, అదీ బీరువాలోనే.

"అందరికీ చెబితే విలువ పోదా?" అని ఒకాయన నన్నే నిలదీశాడు. ఏం విలువండీ? మా అమ్మ దగ్గర ఇరవై ఒక్క చుక్కల ముగ్గొకటి ఉండేది, వాళ్ళ మేనత్త నేర్పినది. ధనుర్మాసంలో వీధిలో అమ్మలక్కలంతా వచ్చి చుక్కల పుస్తకంలో దించుకుపోయేవారు. మా అమ్మ ముగ్గు విలువ పోలేదు సరికదా, పక్క ఊళ్ళో కూడా దాన్ని మా అమ్మ పేరుతోనే పిలిచేవారు. దాచుకుంటే విలువ పెరగడానికి అదేమన్నా నెల్లూరు బంగారపు దుకాణంలో కొన్న గొలుసా!

దాచిపెట్టడం వల్ల పోయేది వినేవాళ్ళకొక్కరికే కాదు, వాయించినవాడికి. చరణ్‌జిత్ సింగ్ అని బొంబాయి సినిమా పాటలకి వాయించే కళాకారుడు 1982లో కొత్తరకం ఎలక్ట్రానిక్ వాద్యాల మీద పది రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. షికాగోలో తరవాత కొన్నేళ్ళకి పుట్టిన ఒక కొత్త డాన్సు సంగీతం ఆయన ముందే చేసినట్టుందని ప్రపంచం ముక్కున వేలేసుకున్నది ఎప్పుడూ? ఒక డచ్చి ఆసామి ఆ పాత రికార్డు కొనుక్కుని, బీరువాలో పెట్టి తాళం వేసుకోకుండా 2010లో మళ్ళీ అచ్చువేసి పంచాక. అప్పుడు ఆ పెద్దాయన యూరపు వేదికల మీద చప్పట్లు అందుకున్నాడు. 2015లో కన్నుమూశాడు. ఆ అయిదేళ్ళూ ఆయనకి దక్కాయి. మోహినేర్ ఘోడాగులి అనే కలకత్తా బృందం 1977 నుంచి 1979 దాకా ఏటా ఒకటి చొప్పున మూడు రికార్డులు తెచ్చింది, అప్పట్లో అడిగిన నాథుడు లేడు. ఇవాళ బెంగాలీ కుర్రకారు నాలుక మీద ఆ పాటలున్నాయంటే, ఇరవయ్యేళ్ళపాటు ఎవరో ఒకరు పక్కవాడికి పాడి వినిపిస్తూ వచ్చారు గనక.

వీళ్ళందరికంటే నా మనసులో నిలిచిపోయింది రూపా బిశ్వాస్. కలకత్తా అమ్మాయి. కెనడాలో కాల్గరీలో ఉన్న తోబుట్టువు దగ్గరికి వెళ్ళినప్పుడు, సరోద్ విద్వాంసుడు ఆశీష్ ఖాన్ పూనికతో అక్కడి వాద్యగాళ్ళతో కలిసి పాడింది. 1982లో రికార్డుగా వచ్చింది. అమ్ముడుపోలేదు. ఆవిడ పెళ్ళి చేసుకుంది, సంసారంలో పడింది, ఆ రికార్డు మాట ఎత్తడం మానేసింది. కొడుకు పెద్దవాడై ఒకనాడు ఇంట్లో పాత సామాను సర్దుతూంటే ఆ రికార్డు చేతికి తగిలింది, అట్ట మీద వాళ్ళమ్మ బొమ్మ! వాకబు చేస్తే, విదేశాల్లో ఆ పాత రికార్డు కోసం జనం వందల డాలర్లు పోస్తున్నారు. 2019లో అమెరికాలో మళ్ళీ విడుదలైంది. ముప్పై ఏడేళ్ళు! అంత పాట పాడిన మనిషి అన్నేళ్ళూ అన్నం వడ్డిస్తూ అదే ఇంట్లో ఉంది. విదేశాల్లో వందల డాలర్లు పోసి కొనుక్కున్నవాళ్ళలో అది ఎవరికీ వినిపించకుండా మురిసిపోయిన మహానుభావులు ఎంతమందో.

ఒక్క మాట మగవారి తరఫున కూడా చెప్పాలి. పంచుకునే మగాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళలో సగం మంది పాట పెట్టి, పాట పొడుగునా దాని మీద ఉపన్యాసం ఇస్తారు. "ఇదుగో ఇక్కడ విను, ఇప్పుడు వస్తుంది చూడు, ఆ డ్రమ్ము విన్నావా?" వినలేదు నాయనా, నీ మాటలే విన్నాను. ఇంకొందరు పరీక్ష పెడతారు. జెత్రో టల్ ఇష్టమని అన్నామా, అయితే మూడు రికార్డుల పేర్లు చెప్పమంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీకు పులిహోర ఇష్టం గదా, ఇంగువ ఎప్పుడు వెయ్యాలో చెప్పండి! ఇష్టానికి హాల్‌టికెట్టు ఎందుకు?

బీరువా వీరులకి వాళ్ళ భాషలోనే, లాభనష్టాల్లో చెబుతాను. మా పేటలో ఒక పెద్దాయన ఉండేవారు. గదినిండా రికార్డులు. భార్యని ముట్టుకోనిచ్చేవారు కాదు, గీతలు పడతాయని. కూతురికి పేర్లు తెలీవు, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక సంవత్సరీకాలు కాకుండానే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పాత సామానువాడు తక్కెడ తెచ్చాడు. అట్టలు ఒక ధర, ప్లాస్టిక్కు ఒక ధర. ఆవిడ తప్పేముంది? అందులో ఏముందో నలభై ఏళ్ళ కాపురంలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే జుమ్మెరాత్ బజారుకి వెళ్ళండి, విరిగిన ఫ్యాన్లకీ తుప్పు తాళాలకీ మధ్య దుమ్ముకొట్టుకుని రికార్డులు కనబడతాయి. కొన్నిటి మీద యజమాని పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఎవరూ ముట్టుకోకూడదని రాసుకున్న పేరు!

అంచేత అయ్యా, వచ్చే ఆదివారం బీరువా తెరవండి. మొదటిరోజే నలభై నాలుగు నిమిషాలది వద్దు, అయిదు దెబ్బల చిన్నపాటతో మొదలెట్టండి, తరవాత శ్రీనివాస్, ఆ తరవాత మీ ఇష్టం. పెట్టి, మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళండి. కాఫీ పొడి పై అరలో, స్టీలు డబ్బాలో ఉంటుంది. మాకు పంచదార తక్కువ. రికార్డు రెండోవైపు తిప్పడం మేం చూసుకుంటాం.